పెనుకొండ పాత మిద్దెలు ఎవరి బాధ్యత?

పెనుకొండ కోటలోపలి పాత ఇళ్లను వారసత్వ కట్టడాలుగా గుర్తించాలని ప్రభుత్వానికి ఇవ్వదలచిన అర్జీపై, బెంగళూరు మల్లేశ్వరంలోని ఒక ఇంట్లో జరిగిన వాదమిది. అర్జీ రాసినది కట్టడాల సంరక్షణ చదువుకున్న అమ్మాయి. సంతకం చేయవలసినవాడు అక్కడి పూర్వీకుల మిద్దెకు హక్కుదారైన ఆమె చిన్నాయన.

చిన్నాయన: నేను సంతకం చేయనమ్మా. లేపాక్షి గుడి వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధమనీ, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి లేకుండా ఏమీ కట్టరాదనీ 2010లో సవరించిన చట్టం చెబుతున్నది. గుడికి ఆ కట్టుబాటు ఉండవలసిందే. కాపురముండే ఇంటికి అదే వస్తే, మరుగుదొడ్డి కట్టుకోవడానికి కూడా నేను కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

అమ్మాయి: ఆ నిబంధన 1958 నాటి చట్టం కింద కేంద్రం రక్షించే కట్టడాలది, చిన్నాయనా. ఆ 100 మీటర్లలో సైతం పాత ఇంటి మరమ్మతుకు అనుమతి పొందే వీలుంది. మనం కోరుతున్నది ఇళ్లకు వేరే జాబితా. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయిన తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడని చెప్పడానికి అక్కడి రాజభవనం గగన్ మహల్ ఉన్నది. రాజులు వెళ్లిపోయిన తరువాత ఆ ఊరిని నిలబెట్టుకున్న సంసారాలు ఎలా బతికాయో చెప్పడానికి మీ పడసాల, మీ అరుగు తప్ప ఏమున్నది?

చిన్నాయన: ఆ పడసాలలోనే పోయిన వానాకాలం దూలం కుంగింది. మా నాయన ఏటా వానలకు ముందే, నీళ్లు దిగకుండా, చవుడు మట్టి తోలించి మిద్దె మీద పరిపించేవాడు. ఇప్పుడు చవుడు తోలే బండీ దొరకదు, దాన్ని వాటంగా పరిచే మనిషీ దొరకడు. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కర్మాగారంలో కార్ల తయారీ మొదలైన తరువాత, అక్కడ పనిచేసేవారు అద్దె ఇళ్ల కోసం నన్నే అడిగారు. కూలగొట్టి మూడంతస్తులు కడితే నా బిడ్డల చదువుకు ఆసరా అవుతుంది. గుర్తింపు పలక ఆ ఖర్చు భరిస్తుందా?

అమ్మాయి: పలక భరించదు, నిజమే. అయితే పుదుచ్చేరి వైశ్యాల్ వీధిలో ఐరోపా సమాఖ్య సాయంతో పాత ఇళ్ల ముఖభాగాలను బాగుచేశారు. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అవి కూడా మనుషులు కాపురముండే ఇళ్లే.

చిన్నాయన: పుదుచ్చేరికి యాత్రికులు వస్తారు, ఆ ఆదాయంతో ఇల్లు తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది. మన వీధికి ఎవరు వస్తారు? ఒకసారి సున్నం కొట్టి వెళ్లిపోతే, తరువాతి ఇరవై వానాకాలాలు ఎవరివి?

అమ్మాయి: ఆ ప్రశ్నకు నా అర్జీలో సమాధానం లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ జాబితాలో లేని ప్రైవేటు ఇంటికి ప్రజల సొమ్ము ఏ పద్దు కింద ఇమ్మని అడగాలి? గుర్తింపు లేకపోతే అడిగే హక్కే ఉండదు, చిన్నాయనా. కూలిన ఇంటిని తరువాత ఏ జాబితాలో చేర్చినా ప్రయోజనమేమిటి?

చిన్నాయన: అయితే అర్జీలో వరుస మార్చు. మరమ్మతు ఖర్చులో సగం ప్రభుత్వం భరించాలనీ, అనుమతి అడిగిన 60 రోజుల్లో జవాబు రాకపోతే వచ్చినట్లే లెక్కించాలనీ, వెనుక పెరట్లో కొత్త గదులు కట్టుకోనివ్వాలనీ మొదట రాయి. గుర్తింపు మాట ఆ తరువాత. రాసి తీసుకురా, చదువుతాను.

అమ్మాయి: చదివి సంతకం చేస్తారా?

చిన్నాయన: చదివిన తరువాత చెబుతాను. ఈ లోపల దూలం కింద గుంజ నిలబెట్టిస్తాను, వానలు దగ్గరపడ్డాయి.