వంతెన మీద సాధకం
అమెరికన్ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ 1959లో కచేరీలు ఆపేసి, ఊపు మీదున్న పేరును చేజేతులా పాడుచేసుకున్నాడన్న ఒక వ్యాసకర్త మాట నేను ఒప్పుకోలేను. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. 'శాక్సఫోన్ కొలాసస్' ఆల్బమ్ 1956లోనే రికార్డయింది, విమర్శకులు ఆకాశానికెత్తారు. ఆ పొగడ్తలకు తగ్గట్టు తన వాద్యం లేదని అనిపించింది మాత్రం ఆయనకే. న్యూయార్క్‌లో తానుండే ఇంట్లో వాయిస్తే పక్కింటి గర్భిణికి ఇబ్బందని విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కాడు. కింద ఈస్ట్ నది, పక్కనే రైళ్లు, పడవల కూతలు. ఎండనక చలనక గంటల తరబడి వాయించాడు. మన విద్వాంసులు అసుర సాధకం అనేది ఇలాంటిదాన్నే. వేణువు నేర్చుకునే రోజుల్లో నేనూ అద్దెవాటాలో గోల అంటారని మేడ మీదికి వెళ్లేదాన్ని. ఆరుబయట నాదాన్ని తిప్పిచ్చే గోడలుండవు, ఊపిరిలో ఏ కాస్త లోపమున్నా దాగదు. అందుకే ఆ రెండేళ్లను వృథా అనడం నాకు మనసుకు పట్టలేదు. 1961లో తిరిగొచ్చాడు, మరుసటేడు జిమ్ హాల్ గిటార్‌తో 'ద బ్రిడ్జ్' (వంతెన) ఆల్బమ్ విడుదలైంది. కొందరు ఇంకా కొత్తదనం ఆశించి నిరాశపడిన మాట నిజమే. కానీ పేరే ముఖ్యమనుకున్న మనిషైతే 1960ల చివర్లో మళ్లీ అన్నీ వదిలి ముంబైలోని పోవై ఆశ్రమానికి వచ్చేవాడా? ఆ తర్వాత కూడా జనం ఆయన్ని మరచిపోలేదు, 2012 దాకా కచేరీలు చేశాడు.