ఉద్దానానికి సర్వే పట్టుకెళ్ళే ముందు

వేసవి సెలవులకు అమెరికాలోని మన పిల్లలు శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతానికి వెళ్తారు. కవిటి, సోంపేట, కంచిలి, ఎటు వెళ్ళినా తాతగారింట్లో కిడ్నీ జబ్బు మాట వస్తుంది. దానిమీదే ఓ ప్రాజెక్టు చేస్తే సైన్స్ ఫెయిర్‌కీ కాలేజీ దరఖాస్తుకీ పనికొస్తుందని పెద్దల ఆశ. ఆశపడొచ్చు. కానీ మనుషులమీద చేసే పరిశోధనను ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఏ గుమ్మమూ ఎక్కొద్దంటాను. ‘‘మందులేమైనా ఇస్తున్నామా, నాలుగు ప్రశ్నలేగా!’’ అనేవాళ్ళ కోసమే ఇది.

క్యాంపు పెట్టి బీపీ చూసి, మందు రాసి పంపితే అది సేవ. అవే అంకెలు పట్టికలోకెక్కించి ‘ఈ ప్రాంతంలో పరిస్థితి ఇదీ’ అని పోస్టరు వేద్దామనుకుంటే అది పరిశోధన. అమెరికా ఫెడరల్ నిబంధనలైనా, 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలైనా దాన్ని కమిటీ ముందుగానే చూడాలంటాయి. పనయ్యాక వెనకటి తేదీతో అనుమతి దొరకదు. ఐసెఫ్ అనే అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్‌కి కూడా ఇలాంటి పనిని పరిశీలించే స్కూలు సమీక్షా బోర్డు ముందే సంతకం చెయ్యాలి. అన్నట్టు, మనలో డాక్టర్లకు కొదవ లేదు గానీ, సొంత పిల్లల ప్రాజెక్టును చూసే బోర్డులో అమ్మానాన్నలు కూర్చోకూడదు.

కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష సంగతే తీసుకోండి. వేలి నుంచి చుక్క తీసి చూసే పరికరం పట్టుకెళ్ళారు. కొబ్బరితోటలో కూలికెళ్ళే మనిషికి అంకె ఎక్కువొచ్చింది. ఆ మాట ఎవరు చెప్తారు, పదోతరగతి పిల్లాడా? పలాస ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఆ రోజు కూలి పోతే? ‘‘ఏటి బాబూ, మళ్ళీ రగతమా? కిందటోళ్ళు తీసినదేటైంది?’’ అని ఎవరైనా అడిగితే జవాబు ఉండాలి. కమిటీ వేసే ప్రశ్నలు ఇలాంటివే. పేర్లు తీసేస్తే చాలనుకోవడమూ పొరపాటే. చిన్న ఊళ్ళో ‘నలభై ఐదేళ్ళు, డయాలసిస్, జీడిపిక్కల పని’ అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

సర్పంచి సరేనంటే ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో మొదలైన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా ప్రాజెక్టులో చాలా అంగీకార పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది.

కమిటీలు ఆలస్యం చేస్తాయి, నిజమే. ఒక్కోసారి విసిగిస్తాయి కూడా. ప్రమాదం లేని పనికి మినహాయింపులున్నాయి, కాకపోతే అది మినహాయింపో కాదో తేల్చేది వాళ్ళే, మనం కాదు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో మెడికల్ కాలేజీ డాక్టర్‌ను ఇప్పుడే కలుపుకుని అక్కడి కమిటీకీ దరఖాస్తు పెట్టండి. అమెరికాలో వచ్చిన అనుమతి ఒక్కటే అక్కడ చెల్లదు. విదేశీ డబ్బు, విదేశీ సంస్థ ఉంటే కేంద్ర ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ దాకా వెళ్ళాల్సి రావచ్చు. ఈ వేసవికి అందకపోతే, ఇప్పటికే అచ్చయిన లెక్కలతో ప్రాజెక్టు చెయ్యనివ్వండి.