కొనేవాడే ధర కడితే ఎట్లా?

చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు మీదుగా షాద్‌నగర్ దాకా ఏ టీ కొట్టు దగ్గర ఆగినా హైదరాబాద్ చుట్టూ వేయబోయే రీజినల్ రింగ్ రోడ్డు మాటే. ‘మన సర్వే నంబరు రోడ్డులో పోతుందా, రోడ్డు పక్కన మిగులుతుందా?’ ఇదీ టెన్షన్. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చేన్లు. రోడ్డు పక్కన మిగిలిన చేను ధర చెట్టెక్కి కూర్చుంటుంది. రోడ్డులో పోయిన చేనుకు వచ్చే పరిహారంతో అదే ఊళ్లో సగం భూమి కూడా దొరకదని రైతు భయం. ఆ భయంలో అర్థం ఉంది.

రోడ్లు వద్దని మేం అనడం లేదు. నీళ్లొస్తే వలస ఆగుతుందని ఎదురుచూసిన పాలమూరులో రిజర్వాయర్లు వద్దని అసలే అనలేం. ప్రజావసరానికి భూమి తీసుకునే అధికారం అన్ని దేశాల్లోనూ సర్కారుకు ఉంది. ఎందుకు తీసుకుంటారు, ధర ఎవరు కడతారు, డబ్బు ఎప్పుడిస్తారు అన్న దగ్గరే తేడాలు.

అమెరికాలో గొడవంతా మొదటి ప్రశ్న మీద. న్యాయమైన పరిహారం ఇవ్వకుండా ప్రజోపయోగానికి ఆస్తి తీసుకోరాదని 1791లోనే వారి రాజ్యాంగంలో చేరింది. అయినా న్యూలండన్ అనే ఊళ్లో ఇళ్లు తీసుకుని ప్రైవేటు అభివృద్ధికి ఇవ్వడం తప్పు కాదని 2005లో సుప్రీంకోర్టు 5-4తో తీర్పు చెప్పింది. జనం భగ్గుమన్నారు. నలభైకి పైగా రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నాయి. చివరికి అనుకున్న ప్రాజెక్టు రానే లేదు, ఇళ్లు కూల్చిన చోట ఏళ్ల తరబడి గడ్డి పెరిగింది. చైనాలో పల్లె భూమి రైతు సొంతం కాదు, సామూహికం; రైతుకు ఉన్నది సాగు హక్కే. ఏది ప్రజా ప్రయోజనమో పల్లె భూముల చట్టంలో విడమరిచి రాసుకోవడానికి వారికి 2020 దాకా పట్టింది.

మనకు ఎక్కువ పనికొచ్చేది సింగపూర్ కథ. 1966 చట్టంతో అక్కడి ప్రభుత్వం చౌకగా భూములు తీసుకుని ఇళ్లు, రోడ్లు కట్టింది. చాలాకాలం పరిహారానికి 1973 నాటి ధరే గరిష్ఠ పరిమితి. మధ్యలో ఆ తేదీని ముందుకు జరుపుతూ వచ్చి, 2007లో పూర్తిగా తీసేసి మార్కెట్ ధరకు మారింది. పాత ధరకు భూమి గుంజుకోవడం ఇక చెల్లదని అంత గట్టి సర్కారే ఒప్పుకుంది.

మరి మన సంగతి? 1978లో 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయి, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోరాదనే 300ఏ అధికరణంగా మిగిలింది. అది ఉత్త కాగితం కాదని 2024లో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: నోటీసివ్వాలి, అభ్యంతరం వినాలి, కారణం చెప్పి నిర్ణయించాలి, న్యాయమైన పరిహారమివ్వాలి. 2013 భూసేకరణ చట్టమూ చూడ్డానికి ఉదారమైనదే. పల్లెల్లో భూమి విలువను రెండు రెట్ల దాకా పెంచవచ్చు, ఆపైన నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా భూమి వదులుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము.

చిక్కల్లా మొదట వేసే అంకెలో ఉంది. బయట 60 లక్షలు పలికే ఎకరానికి రిజిస్ట్రేషన్ విలువ 6 లక్షలే ఉందనుకుందాం. రెట్టింపు చేస్తే 12, సొలేషియంతో 24 లక్షలు. చట్టం నాలుగు రెట్లు ఇచ్చినట్టే, రైతు చేతికి మాత్రం సగం ధర కూడా రానట్టే. దగ్గరి ఊళ్ల అమ్మకాల సగటు చూస్తారు కదా అంటారు. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి ఆ దస్తావేజుల్లోనూ సర్కారు విలువే రాయించుకుంటాం. ఇందులో మన తప్పూ ఉంది, దాచుకోవడమెందుకు.

కానీ దీనికి మందు అదే చట్టం 26వ సెక్షన్‌లో ఉంది. భూసేకరణ మొదలుపెట్టేముందు ఆ ప్రాంతంలో నడుస్తున్న ధర ప్రకారం భూముల విలువను సవరించేందుకు కలెక్టర్ అన్ని చర్యలూ తీసుకోవాలి. ఆ సంగతి ఎంతమంది రైతులకు చెప్పారు? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ధర తేలకపోతే జ్యూరీ తేలుస్తుంది, ఫ్రాన్స్‌లో దానికో ప్రత్యేక జడ్జి ఉంటారు. మన జాతీయ రహదారుల చట్టం కింద ఒక అధికారి ధర కడితే, నచ్చకపోతే వెళ్లాల్సింది కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి. ఆయన సాధారణంగా కలెక్టరే.

డబ్బు ఎప్పుడివ్వాలన్న ప్రశ్నకు ఫ్రెంచివాళ్లు 1789 హక్కుల ప్రకటనలోనే జవాబు రాశారు: న్యాయంగా, ముందుగా. కొల్లాపూర్ వైపు దీని విలువ తెలుసు. శ్రీశైలం ప్రాజెక్టులో భూములు మునిగిన నిర్వాసితుల కుటుంబానికో ఉద్యోగం అంటూ 1986లో జీవో 98 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని తిరిగినవాళ్ల తలలు నెరిశాయి, ఇప్పుడు పిల్లలు తిరుగుతున్నారు. పేదలకు సర్కారు పంచిన అసైన్డ్ భూములవాళ్ల గతి ఇంకా అన్యాయం. పట్టాదారుతో సమానంగా వారికీ పరిహారమివ్వాలని 2004లోనే ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పినా, ‘సర్కారు భూమే కదా’ అన్న మాట నేటికీ ఆఫీసుల్లో వినిపిస్తుంది.

పారిశ్రామిక కారిడార్ల వంటివాటికి సామాజిక ప్రభావ అధ్యయనం, అంటే భూమి పోతే ఊరి బతుకు ఏమవుతుందో ముందే తేల్చే పని, అక్కర్లేదని మన తెలంగాణ 2017లో చట్టాన్ని సవరించుకుంది. ఊరిని ముందే అడగకపోతే ఏమవుతుందో 2024 నవంబరులో వికారాబాద్ జిల్లా లగచర్లలో చూశాం: ఫార్మా పరిశ్రమలకు భూసేకరణపై మాట్లాడేందుకు వెళ్లిన అధికారులపై దాడి జరిగింది. ఆ దాడిని ఎవరూ సమర్థించరు. కానీ ఆ తర్వాత ఫార్మా నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకున్న ప్రభుత్వం, ఆ సవరణను మాత్రం అలాగే ఉంచింది. దాన్ని రద్దు చేయాలి. అందుకు అసెంబ్లీ కూర్చోవాలి, టైం పడుతుంది. 26వ సెక్షన్ అమలుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల కలెక్టర్లు సర్వేయర్లను పంపడానికి ముందే సవరించిన విలువలను ఊరూరా, సర్వే నంబర్లతో సహా, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.