అవధాని కావలెను, జీతం అనుభవాన్ని బట్టి

అమెరికా కాలేజీల క్రీడా విభాగాలు వేసే ఉద్యోగ ప్రకటనలు చదివే దురలవాటు ఉన్నవాళ్లకు ఆఖరి వాక్యం కంఠోపాఠం. ‘అప్పగించిన ఇతర విధులు నిర్వర్తించవలెను.’ పైన పద్నాలుగు విధులు వరుసగా రాసి, కాస్త ఊపిరి తీసుకుని, కింద ఈ పదిహేనోది పెడతారు. పై పద్నాలుగూ చిల్లర. అసలు ఉద్యోగం ఈ పదిహేనోదే.

పోస్టు పేరు వింటే లేచి నిలబడాలనిపిస్తుంది: అసిస్టెంట్ డైరెక్టర్, అథ్లెటిక్ కమ్యూనికేషన్స్ అండ్ బ్రాడ్‌కాస్టింగ్. పాతవాళ్లు ఎస్‌ఐడీ అంటారు, స్పోర్ట్స్ ఇన్‌ఫర్మేషన్ డైరెక్టర్ అన్నదానికి పొట్టిపేరు. ఈ వృత్తివాళ్లకు 1957 నుంచి ఒక సంఘం కూడా ఉంది. 2022లో ఆ సంఘం పాత పేరు తీసేసి ‘కాలేజ్ స్పోర్ట్స్ కమ్యూనికేటర్స్’ అయింది. ఇన్‌ఫర్మేషన్ పోయి కమ్యూనికేషన్ వచ్చింది. ప్రెస్‌బాక్సులో కుర్చీ మాత్రం మారలేదు.

ఇంతకీ ఆ పద్నాలుగు ఏమిటంటే: మ్యాచ్‌కి ముందు గేమ్ నోట్స్, మ్యాచ్‌లో గణాంకాలు, తర్వాత రీక్యాప్ అనే మ్యాచ్ కథనం, ఫొటోలు, వీడియో ఎడిటింగ్, వెబ్‌సైట్, సోషల్ మీడియా, లైవ్ ప్రసారం, వ్యాఖ్యానం, రికార్డు పుస్తకం, అవార్డులకు నామినేషన్లు, విద్యార్థి సిబ్బంది మీద అజమాయిషీ, విలేకరులకు పాసులు, ఎదుటి జట్టు రేడియోవాళ్లకు టేబులు, కరెంటు, ఇంటర్నెట్. అర్హతల్లో ‘50 పౌండ్ల బరువు ఎత్తగలగాలి’ అని కూడా ఉంటుంది. అమెరికాకు పిల్లల్ని పంపిన ప్రతి తెలుగింటికీ ఆ బరువు ఎంతో తెలుసు: ఆవకాయతో సహా నిండిన ఒక చెక్-ఇన్ పెట్టె.

ఇన్ని పనులు ఒకే ముహూర్తానికి చేయగల మనిషిని తయారుచేసిన నేల ప్రపంచంలో ఒక్కటే ఉంది. అతన్ని మనం అవధాని అంటాం. అమెరికావాళ్లకు ఈ సంగతి తెలియక ప్రకటనలో ‘మల్టీటాస్కర్’ అని రాసుకుంటున్నారు. అష్టావధానం అని రాస్తే దరఖాస్తులు మన రాష్ట్రాల నుంచే వెళ్లేవి.

ఒక శనివారం మధ్యాహ్నం చూడండి. మహిళల బాస్కెట్‌బాల్, రెండింటికి ఆట. అవధాని గారు పదిన్నరకే జిమ్‌లో కేబుళ్లు పరుస్తున్నారు. స్కోరుబోర్డు నడిపే పెట్టె నుంచి సీరియల్ తీగ ఒకటి ప్రసారం కంప్యూటర్‌కు రావాలి. అది వస్తేనే తెర మీద స్కోరు, గడియారం వాటంతటవే కదులుతాయి. టేబుల్ కింద ఎవరి బూటో తగిలి ఆ తీగ వదులవుతుంది. గడియారం 7:42 దగ్గర బిగుసుకుపోతుంది. దీనికి ఈ వృత్తిలో తరతరాలుగా వస్తున్న చిట్కా ఒకటుంది: ఒక కెమెరాను స్కోరుబోర్డు వైపు తిప్పి, అంకెలు ఉన్న ముక్కను మాత్రం కత్తిరించి తెర మూలన అతికించడం. ఉన్నవి రెండే కెమెరాలైతే ఆట ఒక్క కెమెరాతో నడుస్తుంది, గడియారానికి మాత్రం సొంత కెమెరామన్ ఉంటాడు.

కెమెరాకు మనిషి దొరక్కపోతే తనంతట తానే బంతిని వెంబడించే కృత్రిమ మేధ కెమెరా కొనమని డైరెక్టర్ గారు సలహా ఇస్తారు. 2020 అక్టోబరులో స్కాట్లాండ్‌లో అలాంటి కెమెరాయే ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో లైన్స్‌మన్ బట్టతలను బంతి అనుకుని పదేపదే అటే తిరిగింది. సలహా ఇచ్చిన డైరెక్టర్ గారి తల సంగతి ఇక్కడ అప్రస్తుతం.

అప్రస్తుతం అంటే గుర్తొచ్చింది, పృచ్ఛకులు వచ్చేశారు. మొదటాయన స్పాన్సర్లు చూసే మార్కెటింగ్ మనిషి, ఈయనది దత్తపది. అవధానంలో పొంతన లేని నాలుగు పదాలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటారు. ఇక్కడ ఇచ్చినవి టైర్లు, టాకోలు, గృహరుణాలు, మోకాలి ఆపరేషన్లు. ప్రతి క్వార్టర్‌లో ఇన్నిసార్లని లెక్క, ఒక్కటి తప్పినా సోమవారం మెయిలు. రీప్లేలన్నీ ఎముకల ఆసుపత్రివారి సౌజన్యం.

రెండో ఆయన కోచ్, ఈయనది నిషిద్ధాక్షరి. ఏ అక్షరం వేయబోతే అది వద్దంటాడు. ఎవరికి గాయమైందో చెప్పకూడదు, ఎక్కడైందో చెప్పకూడదు, ఎప్పుడు తిరిగి వస్తుందో అసలే చెప్పకూడదు. ఆటగాళ్ల ఆరోగ్య వివరాలకు గోప్యత ఉంది, అది సబబే. కానీ కోచ్‌కు గోప్యత అంటే ప్రేమ కాదు, వచ్చే గురువారం ఎదుటి జట్టుకు తెలియకూడదన్నదే బాధ.

రెండో క్వార్టర్‌లో జట్టు ఆట నడిపించే పాయింట్ గార్డ్ కింద పడింది. మోకాలు పట్టుకుని పడింది. జిమ్ అంతా చూసింది. ఇప్పుడు అవధాని గారు రీప్లే చూపించాలి. రీప్లే చూపిస్తే దత్తపది ప్రకారం ‘మోకాలు’ అనే మాట పలికి తీరాలి. నిషిద్ధాక్షరి ప్రకారం ‘మోకాలు’ అనే మాట నోట రాకూడదు. పద్యం మూడో పాదంలో ఇరుక్కున్నప్పుడు మన అవధానులు ‘ఆఁ...’ అని రాగం తీస్తారు. ఈయన ‘ఆమె ప్రస్తుతం అందుబాటులో లేరు, మీ కీళ్ల నిపుణులు మాత్రం వారంలో ఆరు రోజులూ అందుబాటులో ఉంటారు’ అన్నారు. సభ హర్షించలేదు. అమ్మాయి తండ్రి మాత్రం మెసేజ్ పెట్టాడు. ఆయనది అప్రస్తుత ప్రసంగం పీట: ‘మా పాపను ఎందుకు చూపించడం లేదు?’ ఐదు నిమిషాల తర్వాత ఇంకోటి: ‘మా పాపను ఎందుకు అలా చూపించారు?’

ఈ సందట్లో గణాంకాలు కూడా ఉన్నాయి. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు కోర్టు మీంచి చూపు తిప్పకుండా ‘23 జంప్ షాట్, మిస్, రీబౌండ్ 11’ అని పలకాలి, రెండోవారు కీబోర్డు మీంచి చూపు తిప్పకుండా కొట్టాలి. చూసేవాడే కొడితే, కొడుతున్నంతసేపూ ఆట కనిపించదు. ఆ ఒక్క సెకనులో జరిగిన స్టీల్, అంటే బంతి లాక్కోవడం, ఎవరి ఖాతాలో పడిందో దేవుడికే ఎరుక. పలకాల్సిన విద్యార్థికి పరీక్ష ఉంది కాబట్టి అవధాని గారు తన వ్యాఖ్యానం తానే విని తానే టైపు చేసుకుంటున్నారు. హాఫ్‌టైమ్ 15 నిమిషాలు. అందులో అధికారిక స్కోరుబుక్కుతో పాయింట్లు, ఫౌళ్లు సరిచూసి, కాగితాలు పంచి, ఒక గ్రాఫిక్ వదిలి, వీలైతే బాత్రూముకు వెళ్లాలి. వీలవదు.

రెండో కెమెరా దగ్గర నిలబడ్డ కుర్రాడు మనవాడే, ఎంఎస్ చదువుతున్నాడు. విద్యార్థి వీసా మీద ఉన్నాడు గనక సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. నాలుగో క్వార్టర్‌లో ఆ 20 నిండితే కెమెరా దిగి ఇంటికెళ్లిపోవాల్సిందే. ఆ జిమ్ మొత్తంలో పని గంటలు ఎవరైనా లెక్కపెట్టేది అతనివే.

జట్టు 23 పాయింట్ల తేడాతో ఓడింది. ఇప్పుడు సమస్యాపూరణం: ఓడినట్టు తెలియకుండా ఓటమి వార్తకు శీర్షిక పెట్టాలి. ‘చివరిదాకా పోరాడి’ మొన్ననే వాడేశారు. ‘గట్టి పోటీ ఇచ్చి’ అంటే స్కోరు నవ్వుతుంది.

రాత్రి 11:40కి అసిస్టెంట్ కోచ్ దగ్గర్నుంచి వీడియో ముక్క వచ్చింది. సమస్యకు పూరణ అందులోనే ఉంది. ఒకమ్మాయికి 14 పాయింట్లు, 11 రీబౌండ్లు, 9 అసిస్టులు ఉన్నాయి. ఇంకొక్క అసిస్టు ఉంటే ట్రిపుల్ డబుల్, అంటే మూడు లెక్కల్లోనూ రెండంకెలు. ‘మూడో క్వార్టర్‌లో ఒకటి మిస్సయ్యారేమో చూడండి’ అని వినయంగా ఉంది. చూశారు. ఆ అమ్మాయి మధ్యగీత దగ్గర పాస్ ఇచ్చింది. అందుకున్నామె మూడుసార్లు బంతి కొట్టింది. ఆగింది. షాట్ వేస్తున్నట్టు నటించింది. డిఫెండర్ గాల్లోకి లేచి, కిందకు దిగి, తేరుకుంది. ఈమె అటు తిరిగి, ఇటు తిరిగి, అప్పుడు బుట్టలో వేసింది. నడుమ ఒక పెళ్లి జరిపించి ఉంటే తలంబ్రాలు కూడా అయిపోయేవి.

కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ గణాంకాల పుస్తకం ప్రకారం అసిస్టు అంటే బుట్ట పడటానికి నేరుగా దోహదపడిన ప్రధానమైన పాస్. అది ప్రధానమా కాదా అన్నది గణాంకకుడి విచక్షణ. విచక్షణ అనే మాట ఉన్నచోటల్లా ఫోన్ మోగుతుంది. ‘ఆ పాస్‌తోనే కదా ప్రెస్ (ఎదుటివాళ్లు మీదపడి చేసే అడ్డగింత) విరిగింది’ అని కోచ్ వాదన. ఆ లెక్కన బస్సు డ్రైవర్‌కు కూడా అసిస్టు రాయాలి, ఆయన లేకపోతే జట్టే వచ్చేది కాదు.

రాస్తే ఒక్క అంకెతో పోదు. గణాంకాల ఫైలు తెరిచి ఆ ఆట సరిదిద్దాలి, మళ్లీ ఫైలు తీయాలి, వెబ్‌సైట్లో బాక్స్ స్కోరు మార్చాలి, సీజన్ మొత్తాలు మార్చాలి, కాన్ఫరెన్స్ (తాము ఆడే కాలేజీల కూటమి) ఆఫీసుకు పంపాలి, ఎదుటి కాలేజీ ఎస్‌ఐడీకి చెప్పాలి. పాపం ఆయన బస్సులో నిద్రపోతున్నాడు. రీక్యాప్ తిరగరాయాలి, రికార్డు పుస్తకంలో ట్రిపుల్ డబుల్స్ పేజీకి కొత్త గీత చేర్చాలి, ఒక గ్రాఫిక్ చేయాలి. ఓటమి నాలుగో పేరాకు దిగుతుంది. అందరూ సుఖం. రెండు గంటల పని.

ఈ రెండు గంటలకు ఎవరిస్తారు డబ్బు? అమెరికా చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఒకటిన్నర రెట్లు. కానీ జీతం వారానికి కనీసం 684 డాలర్లు, అంటే ఏడాదికి 35,568 ఉండి, పని నిర్వాహక స్వభావం గలదైతే ఇవ్వక్కర్లేదు. హోదా పేరు చూడొద్దు, చేసే పని చూడమని చట్టం చెబుతుంది. ‘అసిస్టెంట్ డైరెక్టర్’ అనే బోర్డు ఎందుకు అంత ఉదారంగా పంచుతారో ఇప్పుడు తెలిసిందిగా. 2024 జులైలో ఆ గీతను 43,888కి జరిపారు, 2025 జనవరి నుంచి 58,656 అన్నారు. ఆ 2024లోనే నవంబరు 15న టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు మొత్తం కొట్టేసింది. గీత వెనక్కొచ్చి 684 దగ్గర కూర్చుంది. సీజన్లో వారానికి 70 గంటలు వేసుకోండి, గంటకు 9 డాలర్ల 77 సెంట్లు. మాస్టర్స్ డిగ్రీ ఉంటే ప్రాధాన్యం, అదనం లేదు.

డబ్బు లేదంటే నమ్మమంటారా? అదే టెక్సస్‌లో ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2023 నవంబరులో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను ఇక పనిచేయొద్దని చెప్పడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చుకోవడానికి ఒప్పుకుంది. పని చేయనందుకు! రోజుకు పద్నాలుగు గంటలు చేసేవాడు ఓవర్‌టైమ్ అడిగితే మాత్రం ‘ఇది ఉద్యోగం కాదు, ఇష్టం’ అంటారు. ఇంటర్వ్యూలో ఆ మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. ఇరవై రెండేళ్ల పిల్లలకు ఆట మీద ఉన్న పిచ్చిని కనిపెట్టి, దాన్ని జీతంలోంచి మినహాయించుకోవడం దొంగతనం. పది నెలల ఇంటర్న్‌షిప్ పేరుతో తీసుకుని, పదకొండో నెలలో కొత్త పిల్లల్ని తెచ్చుకుని, పోయినవాళ్లను ‘తట్టుకోలేకపోయారు’ అంటున్నారు. ఆ మహిళల జట్టు ఆటను కూతురి కోసం ఇంట్లో కూర్చుని చూస్తున్న ఆ తండ్రికి, వంకరగా అయినా సరే, బొమ్మ చేరింది ఈ మనిషి వల్ల. ఇతని పేరు ప్రసారం చివర కూడా పడదు, పేర్లు వేయాల్సింది ఇతనే గనక.

పదో అసిస్టు రాశారా లేదా అని అడగకండి. సోమవారం కోచ్ మొహం చూడాల్సింది మీరు కాదు.

ఆదివారం బేస్‌బాల్, డబుల్ హెడర్, అంటే ఒకే రోజు రెండు ఆటలు. సీజన్‌కు 56 ఆటలు. సెంటర్‌ఫీల్డ్ కెమెరా దాదాపు 400 అడుగుల దూరం. మామూలు కోయాక్స్ తీగలో హెచ్‌డీ సిగ్నల్ 300 దాటితే నీరసించిపోతుంది, ఫైబర్ కావాలి, బడ్జెట్లో లేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో దూరంగా మెరిసింది. మెరుపుకో ఉరుముకో ఆట ఆపితే చివరిది వచ్చినప్పటి నుంచి 30 నిమిషాలు ఆగాలి, మధ్యలో మళ్లీ వస్తే లెక్క మళ్లీ మొదటికి. ఘంటాగణనం. తెర మీద మైదానానికి కప్పిన టార్పాలిన్ తప్ప ఏమీ లేదు. అవధాని గారు ఇరవై ఏడు నిమిషాలుగా దాని గురించి మాట్లాడుతున్నారు, నడుమ టైర్లు, టాకోలు వేస్తూ. ఫోన్‌లో తండ్రుల మెసేజ్‌లు నలభై దాటాయి. ఎడమవైపు చెట్ల మీదుగా మళ్లీ ఒక మెరుపు.