జెర్సీ మీది బొమ్మ ఎవరి సొత్తు?

జాతీయ జట్టు జెర్సీ మీదున్న బొమ్మ దేశానిదేనని అభిమాని అనుకుంటాడు. కాగితాల్లో చూస్తే చాలాచోట్ల అది ఒక క్రీడా సంఘం పేరున ఉన్న ట్రేడ్‌మార్క్. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. డబ్బు దగ్గరో, అధికారం చేతులు మారినప్పుడో రచ్చకెక్కుతుంది.

డబ్బు గొడవకు ఇంగ్లండ్ రగ్బీ గులాబీని మించిన ఉదాహరణ లేదు. జట్టు కిట్ కాంట్రాక్టు 1997లో కాటన్ ట్రేడర్స్ నుంచి నైకీకి వెళ్లింది. ఆ తర్వాత కూడా కాటన్ ట్రేడర్స్ పాత తరహా గులాబీ కుట్టిన తెల్ల చొక్కాలు అమ్మింది. విచిత్రమేమిటంటే ఆ కంపెనీని పెట్టినవాళ్లూ ఇంగ్లండ్‌కు ఆడిన ఫ్రాన్ కాటన్, స్టీవ్ స్మిత్‌లే. రగ్బీ సంఘం కోర్టుకెక్కి, 2002లో ఓడిపోయింది. ఆ గులాబీని చూసి జనం ఇంగ్లండ్‌ను, జట్టును తలచుకుంటారే తప్ప చొక్కా సంఘం దగ్గర్నుంచి వచ్చిందని అనుకోరన్నది కోర్టు మాట. అంటే దేశమంతా తనదనుకునేంతగా పేరు తెచ్చుకోవడమే ఆ గుర్తుకు ట్రేడ్‌మార్క్‌గా బలహీనతైంది.

దక్షిణాఫ్రికాలో గొడవ అంతకంటే లోతైనది. స్ప్రింగ్‌బాక్ జింక 1906 పర్యటన నుంచి అక్కడి రగ్బీ జట్టు గుర్తు. తెల్లవాళ్లు కాని ఆటగాడు దాన్ని వేసుకుని తొలి టెస్ట్ ఆడింది 1981లో. వర్ణవివక్ష పోయాక ఆ జింకను తీసేయాలన్న డిమాండ్ రావడంలో వింతేముంది? మండేలా దాన్ని ఉంచాలన్నారు. 1995 ప్రపంచకప్ ఫైనల్ రోజు కెప్టెన్ పీనార్ 6వ నంబర్ జెర్సీ తనే తొడుక్కుని వచ్చారు. అయినా వివాదం సద్దుమణగలేదు. 2008లో కుదిరిన రాజీ ప్రకారం ఎడమ ఛాతీ మీదికి మిగతా జాతీయ జట్లు వాడే ప్రోటియా పువ్వు వచ్చింది, జింక కుడివైపుకు జరిగింది. ట్రేడ్‌మార్క్ మాత్రం రగ్బీ సంఘం దగ్గరే ఉంది. గుండె వైపు ఏది ఉండాలన్న పంచాయితీని ట్రేడ్‌మార్క్ చట్టం తేల్చలేదు కదా!

మన క్రికెట్ సంగతి మరీ తమాషా. బీసీసీఐ తమిళనాడులో రిజిస్టరైన ఒక సొసైటీ. రాజ్యాంగంలోని 12వ అధికరణ కింద అది 'రాజ్యం' (అంటే ప్రభుత్వ యంత్రాంగంలో భాగం) కాదని 2005లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో తేల్చింది. బోర్డు లోగో చూస్తే బ్రిటిష్ జమానాలోని 'స్టార్ ఆఫ్ ఇండియా' పతకం పోలికే. హెల్మెట్ మీద త్రివర్ణం పెట్టుకోవడానికి ప్రభుత్వ నిబంధనలు అడ్డొచ్చి, 2005లో వాటిని సడలించాల్సి వచ్చింది. అదే ఆటగాడి ఛాతీ మీది లోగోకు ఆ బాధ లేదు, అది బోర్డు సొంతం.

నకిలీ జెర్సీలను ఆపే హక్కు, లైసెన్సు ఆదాయం సంఘానికే ఉండాలి, అందులో నాకు పేచీ లేదు. లేకపోతే ఆ డబ్బంతా నకిలీ సరుకు కుట్టేవాడి పాలవుతుంది. కానీ గుర్తును మార్చడం, ఇతరులకు రాసిచ్చేయడం ఒక బోర్డు మీటింగ్‌లో తేలిపోకూడదు. సంఘం రెండుగా చీలితేనో, సస్పెండైతేనో గుర్తు ఎవరి చేతిలో ఉంటుంది? సంఘానికి గుర్తింపు ఇచ్చే రోజే ఆ షరతు రాయించుకోవాలి: గుర్తింపు పోయిన రోజున ట్రేడ్‌మార్క్ దాని స్థానంలో వచ్చే సంఘానికి బదిలీ కావాలి.