ఎత్తైన కుప్ప దగ్గర ఒక్కసారి కొలిస్తే మీథేన్ లెక్క తేలిపోతుందా?

ఎండాకాలంలో ఎక్కడో ఒక డంప్‌యార్డు అంటుకోగానే ఒక మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. రకరకాల రూపాల్లో వస్తుంది గానీ సారాంశం ఇదీ: "చెత్త నుంచి మీథేన్ ఎంత వస్తోందో కొలవడానికి సైట్లు ఎంపిక చేస్తున్నాం అంటూ ఏళ్లు గడిపేస్తున్నారు. పెద్ద కుప్ప ఎక్కడుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఎక్కడ కంపు ఎక్కువో ముక్కే చెబుతుంది. మిగతాది శాటిలైట్ చూసుకుంటుంది. ఒక పెద్ద కుప్ప దగ్గర కొలిచి, దేశంలో ఉన్న చెత్త మొత్తంతో గుణిస్తే సరి. మూసేసిన యార్డుల జోలికి వెళ్లడం దండగ."

చెప్పేవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే టన్ను మీథేన్, టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అలాంటి దాని మీద నాన్చుడు ఎవరికైనా చిరాకే. కానీ ఎక్కడ కొలవాలో తేల్చుకోవడమే ఈ పనిలో సగం. అక్కడ తప్పటడుగు వేస్తే తర్వాత ఎంత ఖరీదైన మీటరు తెచ్చినా తప్పు అంకే వస్తుంది. అందుకే ఆ మెసేజ్‌ని ముక్కలు ముక్కలుగా చూద్దాం.

"పెద్ద కుప్ప అంటే ఎక్కువ మీథేన్."

బూడిద కుప్ప ఎత్తు చూసి పొయ్యిలో ఇప్పుడు మంట ఎంతుందో చెప్పగలమా? ఇదీ అంతే. కుప్ప ఎత్తును బట్టి ఇన్నేళ్లలో ఎంత చెత్త పడిందో తెలుస్తుంది. మీథేన్ మాత్రం ఇవాళ లోపల గాలి తగలకుండా ఏం కుళ్లుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వేడీ, వానా రెండూ ఎక్కువున్న ప్రాంతాలకు ఇచ్చిన రేటు ప్రకారం అన్నం, కూరగాయల తొక్కల్లాంటి ఆహార వ్యర్థాల్లో సగం రెండేళ్లలోపే కుళ్లిపోతుంది. పదేళ్లకు మిగిలేది 2 శాతం. కాగితం, గుడ్డ సగానికి రావడానికి పదేళ్లు, కలపకు ఇరవై ఏళ్లు పడుతుంది. అంటే చెత్త వేయడం ఆపేసి పదిహేనేళ్లయిన కొండ కంటే, నిన్నటిదాకా హోటళ్ల చెత్త, మార్కెట్ చెత్త పడుతున్న చిన్న గుట్ట ఎక్కువ గ్యాస్ వదలొచ్చు.

ముంబైనే తీసుకోండి. అక్కడ డంప్‌యార్డు అనగానే అందరూ చెప్పే పేరు దేవనార్. 1927 నుంచి ఉన్న కుప్ప, 2016లో అంటుకున్నప్పుడు పొగ నగరాన్ని కమ్మేసింది. కానీ శాటిలైట్ కొలతలతో ఢిల్లీ, ముంబై, లాహోర్, బ్యూనస్ ఐరిస్ నగరాలను చూసిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. ముంబైలో ఎక్కువ మీథేన్ వదులుతున్నట్టు అది పట్టుకున్నది కంజూర్‌మార్గ్ అనే మరో యార్డును, గంటకు దాదాపు 10 టన్నులు. కుతుబ్ మీనార్‌తో పోలుస్తూ పత్రికలు ఫొటోలు వేసే ఢిల్లీ ఘాజీపూర్ దగ్గర తేలింది గంటకు రెండు మూడు టన్నులు. ఇవి ఆకాశం తేటగా ఉన్న కొన్ని రోజుల అంకెలే, ఏడాది సగటు అని పట్టుకోకూడదు. అయినా తేడా చిన్నది కాదు. ముంబైలో రోజూ వచ్చే చెత్తలో ఎక్కువ భాగం కంజూర్‌మార్గ్‌కే వెళ్తుంది. పైగా అది చెత్తను తడిగా ఉంచి త్వరగా కుళ్లేలా కట్టిన బయోరియాక్టర్ ల్యాండ్‌ఫిల్. ఎత్తు చూసి సైటు ఎంచుకునేవాడు అక్కడికి ఎప్పటికీ వెళ్లడు.

"కంపు ఎక్కడ ఎక్కువో అక్కడే మీథేన్."

మీథేన్‌కు వాసన లేదు. వంటగ్యాస్‌కు కూడా సొంత వాసన లేదు, లీకైతే తెలియడానికి వాసన కలుపుతారు. డంప్‌యార్డు కంపు గంధకం ఉన్న వాయువులదీ, పులిసిన ఆమ్లాలదీ. లారీ అప్పుడే దించిన చెత్త దగ్గర ముక్కు మూసుకుంటాం, కానీ ఆ చెత్త మీథేన్ వదలడం మొదలుపెట్టడానికి నెలలు పడుతుంది. ఐపీసీసీ లెక్కల్లో మామూలుగా వేసుకునే వ్యవధి ఆరు నెలలు.

ముక్కు కంటే మంచి ఆధారం ఇంకొకటి ఉంది. ఒక మున్సిపల్ యార్డులో మీథేన్ కొలవడానికి మేం చాంబర్లు పెట్టిన రోజు సంగతి చెబుతాను. చాంబర్ అంటే పెద్ద హంగేమీ లేదు. నేలలోకి దిగ్గొట్టిన రింగు, దాని మీద బోర్లించిన బకెట్ లాంటి మూత, ఒక సన్న గొట్టం, మీటరు. ముందు రోజు రాత్రి వాన పడింది. యార్డును సమాన గడులుగా గీసుకున్న గ్రిడ్ ప్రకారం మాకు వచ్చిన చోట మూత పెట్టి పది నిమిషాలు కూర్చున్నాం. అంకె కదల్లేదు, బయట గాలిలో ఉండే 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో రెండు) దగ్గరే ఆగింది. చెత్త ఏరుకునే ఒకావిడ సంచి దించి మమ్మల్ని కాసేపు చూసి నవ్వింది. "గీడ ఏముంది సార్, మట్టే. గా మూలకు పోండ్రి. వానపడ్డంక నీళ్లు కుతకుత ఉడుకుతయ్ గాడ" అంది. వెళ్లి చూస్తే నిజమే. వాలు కింద నల్లటి నీటిగుంటలో సన్నటి బుడగలు వరసగా లేస్తున్నాయి. పక్కనే గడ్డి గుండ్రంగా పసుపు తిరిగి ఉంది. కింది నుంచి గ్యాస్ వస్తుంటే వేళ్లకు ఆక్సిజన్ అందదు మరి. అక్కడ మూత పెడితే నిమిషం తిరగకముందే అంకె వేలల్లోకి వెళ్లింది. రెండు చోట్లకీ మధ్య దూరం నలభై అడుగులు ఉంటుందేమో.

మరి ఆవిడ చూపించిన మూలనే కొలిచి కుప్ప మొత్తానికి గుణిద్దామా? అలా చేస్తే ఆ కుప్ప ఒక్కటే జిల్లా మొత్తానికి సరిపడా మీథేన్ వదులుతున్నట్టు తేలేది. మట్టి ఉన్న చోటే కొలిచి ఉంటే సున్నా వచ్చేది. అందుకే గ్రిడ్‌లో పడిన చోట్లు గ్రిడ్‌లోనే లెక్కించాం, బుడగల మూల విస్తీర్ణం టేపుతో కొలిచి విడిగా రాసుకున్నాం. యార్డు లోపలే ఇంత ఎంపిక ఉంటే యార్డుల మధ్య ఎంత ఉంటుందో ఊహించుకోండి.

మంటల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అంటుకున్న చోట గ్యాస్ ఉండొచ్చు, కానీ లోపలికి గాలి పోతోందనీ అర్థం. గాలి తగిలిన చోట మీథేన్ తయారవడం తగ్గుతుంది, ఉన్నదానిలో కొంత కాలిపోతుంది. కాబట్టి మంట సైటు ఎంపికకు గుర్తు కాదు.

"శాటిలైట్ ఉండగా నేల మీద సైట్లెందుకు?"

2017లో పంపిన సెంటినెల్-5పి అనే శాటిలైట్ మీద ఉన్న ట్రోపోమి పరికరం రోజూ భూమంతా చూస్తుంది, గొప్పదే. కానీ దాని చిత్రంలో ఒక్కో గడి సుమారు 5.5 కిలోమీటర్లు వెడల్పు, 7 కిలోమీటర్లు పొడవు. ఘాజీపూర్ యార్డు 70 ఎకరాలు. ఆ ఒక్క గడిలో 130కి పైగా ఘాజీపూర్‌లు పడతాయి. ఘాజీపూర్ చుట్టూ ఏముందో తెలిసినవాళ్లకు అసలు చిక్కు వెంటనే అర్థమవుతుంది. పక్కనే పాల గేదెల షెడ్లు, కబేళా, కోళ్ల మండి, చేపల మండి, మురుగు కాలువ. గేదె నెమరు వేస్తూ మీథేన్ వదులుతుంది, మురుగు కాలువా వదులుతుంది. వీటిలో చెత్త వాటా ఎంతో ఆ గడి చెప్పదు.

25 మీటర్ల గడితో చూసే జీహెచ్‌జీశాట్ లాంటి శాటిలైట్లు ఈ చిక్కు చాలావరకు తీరుస్తాయి. కానీ వాటికీ గంటకు వంద కిలోల చుట్టుపక్కల దాటితే గానీ స్పష్టంగా కనపడదు. మన తాలూకా స్థాయి పట్టణాల యార్డుల్లో చాలావరకు ఆ గీత కిందే ఉంటాయి. పైగా వానాకాలం నాలుగు నెలలు మబ్బులు అడ్డం. చెత్త తడిసి బాగా కుళ్లేది ఆ నెలల్లోనే! ఇంకో మాట: మీథేన్ కోసమే 2024 మార్చిలో పంపిన మీథేన్‌శాట్‌తో 2025 జూన్‌లో సంబంధాలు తెగిపోయాయి. భారమంతా ఆకాశం మీద వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

శాటిలైట్ చేసే పని వేరు. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది. అది చూపించిన వాటినే జాబితాగా తీసుకుంటే, దానికి కనిపించనివి లేనట్టే లెక్కవుతుంది.

"ఒకచోట కొలిచి దేశం మొత్తానికి గుణించండి."

మెసేజ్‌లో ఇన్ని మాటలున్నా అసలు నష్టం చేసేది ఇదే. ఎందుకంటే ఇది లెక్కలా కనిపిస్తుంది.

దేశంలో డంప్‌యార్డులు వేలల్లో ఉన్నాయి. వాటిలో కొండలు కొన్నే. మిగతావి ఎలా ఉంటాయో మనకు తెలియంది కాదు. ఊరు దాటగానే రోడ్డు పక్కన, లేదా చెరువు శిఖంలో, నడుం ఎత్తున పరుచుకున్న చెత్త. కుక్కలు, పందులు, గేదెలు తినగా మిగిలింది, సాయంత్రం ఎవరో నిప్పు పెట్టగా మిగిలింది. లోతు లేదు కాబట్టి గాలి తగులుతుంది. ఐపీసీసీ లెక్కలో టన్ను చెత్త ఇచ్చే మీథేన్‌ను, అది పోసిన తీరును బట్టి ఒక గుణకంతో గుణిస్తారు. ఇలా అడ్డదిడ్డంగా పోసి, 5 మీటర్ల లోపు ఉన్న కుప్పకు 0.4 గుణకం, అంతకు మించి లోతున్న దానికి 0.8, పద్ధతిగా పోసి, తొక్కించి, మట్టి కప్పిన ల్యాండ్‌ఫిల్‌కు 1. అదే టన్ను చెత్త ఎక్కడ పోశామన్న దాన్ని బట్టి రెట్టింపు, రెండున్నర రెట్లు తేడా వస్తుందన్నమాట. కొండ దగ్గర తీసిన అంకెతో చిన్న ఊళ్ల చెత్తను గుణిస్తే లేని మీథేన్ లెక్కలోకి వస్తుంది. చిన్న ఊరి అంకెతో మహానగరాన్ని గుణిస్తే ఉన్నది మాయమవుతుంది.

తర్వాత వాన. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వర్షపాతం దగ్గర ఐపీసీసీ ఒక గీత గీసింది. గీతకు అటూ ఇటూ ఆహార వ్యర్థాలు కుళ్లే రేటు దాదాపు ఐదు రెట్లు మారిపోతుంది. ఢిల్లీ, హైదరాబాద్ గీత కింద ఉంటాయి, ముంబై, చెన్నై పైన. అనంతపురంలో పడే వాన విశాఖలో పడేదాంట్లో సగం. అలాగని మన చెత్త పొడిగా ఉంటుందని కాదు, కూరగాయల చెత్త తన తడి తానే తెచ్చుకుంటుంది. కాబట్టే అనంతపురం వైపు ఐపీసీసీ రేటు ఎంతవరకు సరిపోతుందో అక్కడికి వెళ్లి కొలిస్తే తప్ప తేలదు. విశాఖలో కొలిచి చెప్పలేం.

"ఒక్కసారి" అన్న మాట కూడా నిలవదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి బయట గాలి ఒత్తిడి తగ్గుతుంటే కుప్ప లోపలి గ్యాస్ ఎక్కువగా బయటికి వస్తుంది, ఒత్తిడి పెరిగేటప్పుడు తగ్గుతుంది. ఎంచుకున్న సైటుకు కనీసం వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లగలగాలి. వానకు దారి బురదై జీపు దిగబడే యార్డును మే నెలలో చూసి ముచ్చటపడి ఎంచుకుంటే అక్టోబరులో చేతులెత్తేయాలి. వాలు కూలే ప్రమాదమూ చూసుకోవాలి. 2017 సెప్టెంబరులో ఘాజీపూర్ కుప్ప విరిగిపడి ఇద్దరు చనిపోయారు.

"మూసేసిన యార్డుల్లో కొలవడానికేముంది?"

పైన కప్పు వేస్తే లోపల కుళ్లడం ఆగదు. గ్యాస్ దారి మారుతుందంతే. గొట్టాల్లోంచి వస్తుంది, అంచుల దగ్గర చీలికల్లోంచి వస్తుంది. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను పొరలతో కప్పి, గ్యాస్ బయటికి రావడానికి గొట్టాలు దించారు. ఆ పక్కనే కొత్త చెత్త రోజూ వేల టన్నులు వస్తోంది. కొలిచేవాడి కంటితో చూస్తే ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఒకే వాన, ఒకే గాలి, ఒకే నగరపు చెత్త, ఒక పక్క కప్పు ఉంది, ఒక పక్క లేదు.

పద్ధతిగా కట్టిన ల్యాండ్‌ఫిల్ అయితే భయం లేదన్న ధీమా కూడా నిలబడలేదు. అమెరికాలో రెండు వందలకు పైగా ల్యాండ్‌ఫిల్‌ల మీదుగా విమానాలు తిప్పి చూస్తే సగానికి పైగా వాటి దగ్గర మీథేన్ ధారలు కనిపించాయి. వాటి యజమానులు ప్రభుత్వానికి చెప్పిన దానికంటే సగటున 1.4 రెట్లు ఎక్కువ వస్తోందని 2024లో తేల్చారు.

మన 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే మీథేన్ పరిమితి పెట్టారు కదా, కొలుస్తూనే ఉన్నారు కదా అని కొందరంటారు. ఆ పరిమితి పేలుడు భద్రత కోసం పెట్టింది. గాలిలో 5 శాతం మీథేన్ ఉంటే అంటుకోగలదు, అందులో పావు వంతు దాటకూడదన్నది ఆ నియమం. అది గాలిలో ఎంత ఉందో చెబుతుంది, గంటకు ఎన్ని కిలోలు పైకి పోతోందో చెప్పదు.

మెసేజ్ రాసినవాళ్ల వైపు న్యాయం ఒకటుంది. ఉద్దేశం పెద్ద లీకు పట్టుకుని ఆపడమే అయితే శాటిలైట్ చూపిన చోటికి రేపే వెళ్లాలి, సైట్ల ఎంపిక కమిటీ అక్కర్లేదు. తడిచెత్త వేరు చేయడానికి ఏ కొలతా అడ్డం కాదు. కానీ రాష్ట్రం మొత్తానికి లెక్క కట్టడం ఉద్దేశమైతే ఎంపిక తప్పదు. రెండు తెలుగు రాష్ట్రాలకు నన్నడిగితే జవహర్‌నగర్ రెండు పక్కలూ తీసుకుంటాను. తడి తీరంలో విశాఖ కాపులుప్పాడ, రాయలసీమలో వాన తక్కువ పడే ఒక పట్టణం, బయోమైనింగ్, అంటే పాత చెత్తను తవ్వి వేరు చేయడం, ఇంకా మొదలుకాని ఒక పాత కుప్ప (తవ్వాక కొలిస్తే ముందు ఎంతుండేదో ఎవరూ చెప్పలేరు), లోతు లేని చిన్న మున్సిపాలిటీ యార్డులు రెండు మూడు. చివరి రకంలో కాటా ఉండదు, ఎన్ని టన్నులు పడ్డాయో కాగితం ఉండదు. అది లేకపోతే మనం కొలిచింది ఏ లెక్కతోనూ సరిచూసుకోలేం. కాబట్టి అక్కడ ముందుగా గేటు దగ్గర ట్రాక్టర్ ట్రిప్పులు రాసుకునే మనిషిని ఒక ఏడాది పాటు పెట్టుకోవాలి. మీటరు తర్వాత కొనుక్కోవచ్చు.