తలపన్నూ తిరగలి రాళ్లూ

ఊరి నుంచి చుట్టాలొస్తే మనం లండన్‌లో ముందుగా తీసుకెళ్లేది టవర్ ఆఫ్ లండన్‌కే. మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పుకునే కోహినూర్‌ని చూపించి, ఒక నిట్టూర్పు విడిచి వచ్చేస్తాం. అదే కోటలోకి 1381 జూన్ 14న పల్లెజనం చొరబడ్డారు. దేశానికి చాన్సలరూ ఆర్చిబిషప్పూ అయిన సైమన్ సడ్బరీని, ఖజానా అధికారి రాబర్ట్ హేల్స్‌ని బయటికి ఈడ్చుకెళ్లి తలలు నరికారు. ఈ సంగతి పిల్లలకు చెప్పం. చెప్పి తీరాలి. ఇంగ్లీషువాళ్లంటే పాలించినవాళ్లేనని మనం బళ్లో చదువుకున్నాం. ఆ ప్రభుత్వం చేతిలో నలిగి, మనకంటే ఎన్నో వందల ఏళ్ల ముందే దానిమీద తిరగబడ్డ ఇంగ్లీషు రైతులూ కూలీలూ మన పాఠాల్లో లేరు.

గొడవకు నిప్పంటించింది తలపన్ను. 1377లో 14 ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ 4 పెన్నీలు వేశారు. ఫ్రాన్స్‌తో యుద్ధానికి డబ్బు చాలక, 1380 చివర్లో నార్తాంప్టన్‌లో కూడిన పార్లమెంటు 15 ఏళ్లు దాటినవాళ్లకు తలకి 12 పెన్నీలు చేసింది. అంటే కూలీకి మూడు నాలుగు రోజుల కూలి. భార్యా ఎదిగిన కూతురూ ఉంటే 36 పెన్నీలు. అసలు మెలిక మాత్రం లెక్క కట్టిన తీరులో ఉంది. ఊరి మొత్తాన్ని తలకి 12 చొప్పున కట్టాలి, ఊళ్లో కలిగినవాళ్లు పేదల భారం కొంత మొయ్యాలి, కానీ ఎంత ధనవంతుడైనా భార్యతో కలిపి 240 పెన్నీలు దాటి ఇవ్వనక్కర్లేదు. పెద్ద భూస్వామి ఉన్న ఊళ్లో పేద మొగుడూపెళ్లాలకు కలిపి 4 పెన్నీలతో కూడా సరిపోవచ్చు. అందరూ పేదలే అయిన పక్క ఊళ్లో అదే జంటకు 24. చట్టం రాసినవాళ్లు సాయం చెయ్యమన్నారు గానీ, సాయం చేసేవాడే లేని ఊరి సంగతి ఆలోచించలేదు.

జనం తలల్ని దాచేశారు. 1377 లెక్కతో పోలిస్తే సుమారు నాలుగున్నర లక్షల మంది పన్ను పట్టీల్లో లేకుండా పోయారు. చాలా ఊళ్ల పట్టీల్లో ఆడవాళ్ల సంఖ్య నమ్మశక్యం కానంత పడిపోయింది. పెళ్లికాని కూతుళ్లు, వితంతువులు, పనిమనుషులు ఎవరి ఇంట్లోనూ లేరు! 1381 మార్చిలో ప్రభుత్వం మళ్లీ లెక్కించడానికి మనుషుల్ని పంపింది. మే 30న ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌లో జాన్ బాంప్టన్ అనే అధికారి చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పిలిపించాడు. ఫాబింగ్ ఊరివాళ్లు, ‘మేం కట్టేశాం, మీరిచ్చిన రసీదే మా దగ్గరుంది, ఇంక పైసా ఇవ్వం’ అన్నారు. పట్టుకోమని భటులకు చెప్పాడు. ఊళ్లవాళ్లు అతన్నే తరిమేశారు. అంత పెద్ద తిరుగుబాటు ఒక రసీదు దగ్గర మొదలైంది.

ఆ గుంపులు ఏం తగలబెట్టాయో గమనించాలి. 1348లో వచ్చిన ప్లేగుకి కూలీలు కరువై కూలి పెరుగుతుంటే, 1351 చట్టం దాన్ని పాత రేట్లకే కట్టేసింది. వెట్టి రైతు దొర పొలంలో ఊరికే పనిచెయ్యాలి, కూతురి పెళ్లికి దొరకి రుసుం కట్టాలి. ఫలానావాడు వెట్టివాడే అని నిరూపించేది దొర కచేరీలో తోలు మీద రాసి చుట్టిపెట్టిన దస్తావేజులు. అందుకే ఊరూరా వాటిని బయటికి లాగి కాల్చారు. జూన్ 13న లండన్‌లో రాజు పినతండ్రి జాన్ ఆఫ్ గాంట్‌కి చెందిన సవోయ్ భవనాన్ని నేలమట్టం చేశారు గానీ దోచుకోలేదు. వెండి సామాను దాచుకోబోయినవాణ్ణి అదే మంటల్లోకి తోసేశారని రాశారు.

నాకు మాత్రం లండన్‌కి ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ ఊళ్లో జరిగింది అన్నిటికంటే లోతుగా తగులుతుంది. అక్కడ గింజలు మఠం మరలోనే ఆడించాలి, దానికి రుసుం ఇవ్వాలి. ఇంట్లో తిరగలి పెట్టుకోవడమే నేరం. సుమారు యాభై ఏళ్ల ముందు మఠాధిపతి జనం ఇళ్లలోని తిరగళ్లన్నీ లాక్కుని, ఆ రాళ్లను తన గది నేలలో పరిపించాడు. ఆ గదికి వచ్చిన ప్రతివాడూ తన తాతల తిరగలిమీదే నిలబడి మాట్లాడాలి. 1381 జూన్‌లో ఊరివాళ్లు ఆ రాళ్లను పెళ్లగించి ముక్కలు చేసి, చర్చిలో ఆదివారం ప్రసాదంగా రొట్టె పంచినట్టు తలా ఒక ముక్క పంచుకున్నారు. తిరగలి అన్నా ఇసుర్రాయి అన్నా, అది ఇంటి ఆడవాళ్ల చేతికి ఎలాంటి వస్తువో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో నిజం కూడా దాచకూడదు. అదే వారంలో లండన్ గుంపులు ఇప్పటి బెల్జియం వైపు నుంచి వలస వచ్చిన ఫ్లెమిష్ నేతగాళ్లనూ వ్యాపారులనూ వెతికి చంపాయి. సెయింట్ మార్టిన్ వింట్రీ చర్చిలో దాక్కున్న ముప్పైమందికి పైగా మనుషుల్ని బయటికి లాగి నరికారు. 2024 ఆగస్టులో బ్రిటన్‌లో వలసవాళ్ల మీద జరిగిన అల్లర్లలో జాగ్రత్తగా ఉండమని భారత హైకమిషన్ మనకు చెప్పాల్సి వచ్చింది. వలసవాళ్లం కాబట్టి ఈ తేడా మనమే ముందు చెప్పాలి: వెట్టి కాగితాన్ని కాల్చడం వేరు, పొరుగువాడి ప్రాణం తియ్యడం వేరు. రెండోది ఏ తిరుగుబాటు పేరు చెప్పినా సమర్థించలేం.

తిరుగుబాటు ఓడిందెక్కడంటే, లండన్ గోడల బయటి మైల్ ఎండ్‌లో. 14 ఏళ్ల రాజు రెండో రిచర్డ్ అక్కడ అన్నిటికీ ఒప్పుకుని, ముప్పైమంది గుమస్తాల చేత విముక్తి పత్రాలు రాయించాడు. అవి పుచ్చుకుని ఎసెక్స్ వాళ్లు చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్‌ని లండన్ మేయర్ పొడిచేనాటికి గుంపు పలచబడిపోయింది. జూలై 2న ఆ పత్రాలన్నీ రద్దు. పాత దస్తావేజులు కాల్చినవాళ్లు కొత్త పత్రాన్ని నమ్మారు.

ఆ తలపన్ను పొరపాటే 1990లో మళ్లీ జరిగింది. ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం, ఇంటి విలువను బట్టి వేసే ‘రేట్లు’ అనే స్థానిక పన్ను బదులు మనిషికింత అంది. స్కాట్లాండ్‌లో ఒక ఏడాది ముందే మొదలుపెట్టారు. బీదవాళ్లు కూడా కనీసం 20 శాతం కట్టాలి. ఇల్లు కదలదు, మనిషి కదులుతాడు. పన్ను వసూలు చేసే స్థానిక కౌన్సిళ్లు ఇల్లు మారినవాళ్లను వెతుక్కుంటూ నోటీసుల మీద నోటీసులు పంపాయి. ఓటర్ల జాబితా చూసి పట్టుకుంటారని ఎందరో ఓటే వదులుకున్నారు. ఇవీ దాచిన తలలే. మార్చి 31న ట్రఫాల్గర్ స్క్వేర్ మంటల్నే టీవీలు చూపిస్తాయి గానీ, పన్నుని చంపింది లక్షలమంది కట్టకుండా కోర్టులకు వరస కట్టడమే. నవంబరులో థాచర్ దిగిపోయారు.

1993 నుంచి మన ఇళ్లకొచ్చే కౌన్సిల్ టాక్స్ బిల్లు ఆ గొడవ బిడ్డే. ఇంగ్లండ్‌లో ఎ నుంచి హెచ్ దాకా ఉన్న బ్యాండ్లు, అంటే ఇంటి విలువ తరగతులు, ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి ఇంటి ధరల మీదే నడుస్తున్నాయి. అందులో సగం ఇంటికి, సగం మనుషులకు అని లెక్క వేశారు. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారనుకుని కట్టిన లెక్క అది. ఒంటరిగా ఉండేవాళ్లకు అడిగితే 25 శాతం తగ్గించేది అందుకే. బిల్లులో ఆ ఒక్క గీతలో తలపన్ను ఇంకా ఉంది.